‘నీవు ఎంతైన నమ్మదగినవాడవు’: ఇక్కడ ‘ఎంతైన’ అంటే ఏమిటి?

నీలిసిరా:
అందరికీ నమస్కారం. ఒక చిన్న సందేహం, నాకు నేను తేల్చుకోలేక ఇక్కడ పెడుతున్నాను.

కొత్త సంవత్సరం డైరీ మొదటి పేజీలో ఒక వాక్యం రాసుకోవడం నా అలవాటు. దాని కింద ఆ ఏడాది చేయాలనుకున్నవి రాస్తాను. ఈసారి బైబిలులోని విలాపవాక్యములు 3:23 ఎంచుకున్నాను. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది నీవు ఎంతైన నమ్మదగినవాడవు." రాస్తూ రాస్తూ ‘ఎంతైన’ దగ్గర కలం ఆగిపోయింది.

మనం మామూలుగా ‘ఎంతైనా’ అని ఎప్పుడంటాం? "ఎంతైనా అమ్మ అమ్మే." "ఎంతైనా పెద్దవాడు కదా, సర్దుకుపో." లోపాలున్నాయని ఒప్పేసుకుంటూనే వెనకేసుకొచ్చే మాట అది. ఆ లెక్కన "ఎంతైనా నువ్వు నమ్మదగినవాడివేలే" అని మనం దేవుడికి సర్టిఫికెట్ ఇస్తున్నట్టుంది. చిన్నప్పటి నుంచీ కంఠస్థమైన వాక్యం, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా వినిపించలేదు. మూలంలో ఏముంది? ఇప్పటి తెలుగులో ఎలా రాసుకోవాలి?

హల్లూ అచ్చూ:
చదివే దాకా నేనూ సుఖంగానే ఉన్నాను. ఇకనుంచి నాకూ అలాగే వినిపిస్తుంది. ధన్యవాదాలండీ.

పాత బడిపంతులు:
నీలిసిరా గారూ, మీకు వినిపించింది ఇప్పటి మాట. వాక్యంలో ఉన్నది పాత మాట. ‘ఎంతయినను’ అన్న రూపం కుదించుకుపోయి ‘ఎంతైన’ అయింది. దాని అసలు అర్థం ‘ఎంత మేరకైనా’ అని. "ఎంతైన ఖర్చు పెట్టుదును" అంటే లెక్క చూడకుండా పెడతానని. "ఎంతైనా అమ్మ అమ్మే"లో ఆ కొలత అర్థం కరిగిపోయి ‘ఏమన్నా, ఏమైనా’ అన్న వాడుక మిగిలింది. దీర్ఘం ఉన్నా లేకపోయినా మాట ఒకటే, పని మాత్రం రెండు రకాలు.

ఇక ‘నమ్మదగిన’. నమ్మన్ + తగిన. ద్రుతం మీద పరుషం సరళమవుతుంది కాబట్టి త కాస్తా ద అయింది. చూడదగిన, మెచ్చదగిన, చదవదగిన, అన్నీ ఈ కోవే. ఈ వాక్యంలో ‘ఎంతైన’ దేనికి చెందుతుందన్నదే అసలు ప్రశ్న. ‘తగిన’కు తగిలిస్తే "ఎంతైనా తగినవాడే" అన్న మీ సర్టిఫికెట్ వస్తుంది. ‘నమ్మ’కు తగిలించి చూడండి. ఎంతైన నమ్మ, దగినవాడవు. అంటే ఎంత నమ్మినా ఆ నమ్మకానికి తగినవాడు. ఎంత బరువు వేసినా ఓర్చుకునే దూలం లాగా. నేను ఇలాగే చదువుతాను. విరామం ఎక్కడ ఇస్తామన్నదాని మీద అర్థం తిరిగిపోయే చోట్లలో ఇదొకటి.

తాళపత్రం:
మాష్టారు చెప్పిన బరువు పోలిక మూలానికి చాలా దగ్గర. హీబ్రూలో అక్కడ ఉన్నవి రెండే మాటలు: "రబ్బా ఎమూనాతెఖా". మాటకు మాటగా అయితే "గొప్పది నీ ఎమూనా". మన అనువాదకులు నామవాచకాన్ని తీసేసి మనిషిని నిలబెట్టారు, "నమ్మదగినవాడవు" అని. తెలుగుకు అదే బాగుంటుంది. "నీ నమ్మదగినతనము గొప్పది" అంటే ఎవరు చదువుతారు?

ఈ ‘ఎమూనా’ నిర్గమకాండము 17:12లోనూ వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతోంది, మోషే కొండ మీద చేతులెత్తి ఉన్నాడు. చేతులు బరువెక్కాయి. ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, అహరోను, హూరు చెరో పక్క చేతులను ‘ఆదుకొనగా’ అవి సూర్యుడు అస్తమించేవరకు ‘నిలుకడగా’ ఉన్నాయి. ఆ ‘నిలుకడ’ అన్నచోట హీబ్రూలో ఉన్నది ఎమూనాయే. చేతులకు ఉండే గుణం! సడలకపోవడం, వాలిపోకపోవడం. (ఆదుకొను అన్న మాట నిజంగా చేత్తో పట్టి నిలబెట్టడం అన్న అర్థంలో కనబడే అరుదైన చోటు కూడా ఇదే. ఇప్పుడు ఆదుకోవడమంటే డబ్బు సాయమే అనుకుంటున్నాం.) మనం ప్రార్థన చివర అనే ‘ఆమేన్’ కూడా ఆ ధాతువులోంచే పుట్టింది.

ఇంకో తమాషా. హబక్కూకు 2:4లో "నీతిమంతుడు విశ్వాసము మూలముగ బ్రదుకును" అని చదువుకుంటాం కదా, అక్కడున్నదీ ఎమూనాయే. ఒకచోట దేవుడి నమ్మదగినతనం, ఇంకోచోట మనిషి విశ్వాసం. రెండింటికీ హీబ్రూలో ఒకే మాట.

హల్లూ అచ్చూ:
అలాంటి మాట మనకు లేదంటారా? ‘విశ్వాసం’ ఉంది కదా! చర్చిలో విశ్వాసం అంటే నేను దేవుణ్ణి నమ్మడం. బయటికి రాగానే విశ్వాసం అంటే కుక్కకు ఉండేది. "ఉప్పు తిన్న విశ్వాసం" అన్నా, "విశ్వాసఘాతకుడు" అన్నా అది నమ్మిన మనసు గురించి కాదు, నమ్మినవాణ్ణి వదలకపోవడం గురించి. మనకే తెలియకుండా ఒక్క మాటతో రెండు వైపులా మాట్లాడుతున్నాం.

తాళపత్రం:
బాగా పట్టుకున్నారు. నాకు ఇది తట్టనే లేదు.

మధ్యాహ్నం నిద్ర:
వ్యాకరణం బాగుంది. నా గోల వేరు. నేను ప్రతి జనవరిలో తీర్మానాలు రాస్తాను. ఈ ఏడాది బైబిలు మొదటి నుంచి చివరి దాకా చదవాలని వరసగా ఎన్నోసార్లు రాశాను. ప్రతిసారీ లేవీయకాండం దగ్గర ఆగిపోయాను. చేసుకున్న తీర్మానాన్ని నేనే నిలబెట్టుకోలేను, ఆ పేజీ పైన "నీవు నమ్మదగినవాడవు" అని రాసుకుని ఏం లాభం? చివరికి జరిగేది "దేవుడి మీద భారం వేశాం" అనడమే కదా. ఆ మాట మన వాళ్లు ఎప్పుడంటారో చూడండి. చేయగలిగింది ఏమీ మిగలనప్పుడు, ఆశ వదిలేసుకున్నాక, కాస్త మర్యాదగా చెప్పడానికి.

పాత బడిపంతులు:
భారం వేయడం గురించి మీరన్నది నిజమే, వాడుకలో ఆ మాట అలాగే చితికిపోయింది. అయితే సామెతలు 16:3 చూడండి: "నీ పనుల భారము యెహోవామీద నుంచుము అప్పుడు నీ ఉద్దేశములు సఫలమగును." నీ *పనుల* భారం. పనే లేనివాడికి దించుకోవడానికి భారం ఎక్కడిది?

మీ ‘తీర్మానం’ సంగతి కూడా చెప్పాలి. అది ‘తీరు’లోంచి వచ్చింది, తీర్పు లాగా. తీర్మానం అంటే ఇక అయిపోయింది, మారదు అని. జనవరి ఒకటో తారీఖునే అంత పెద్ద మాట వాడితే మార్చి వచ్చేసరికి ముద్దాయిలమవుతాం. ఆ వాక్యంలో వాడింది ‘ఉద్దేశములు’. ఉద్దేశం అంటే దిక్కు చూపించేది. దిక్కు తప్పితే మళ్లీ తిరగొచ్చు.

తాళపత్రం:
అక్కడ ‘ఉంచుము’ అన్నచోట హీబ్రూ క్రియ ‘గోల్’. దొర్లించమని. మోయలేని బండను తోసినట్టు. కీర్తన 37:5లో కూడా అదే క్రియ: "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము నీవు ఆయనను నమ్ముకొనుము ఆయన నీ కార్యము నెరవేర్చును."

పాత బడిపంతులు:
ఆగండి ఆగండి. ‘నమ్ముకొనుము’ అన్నారు చూశారా? ‘నమ్ముము’ అనలేదు. నాకు ఈ చర్చ మొత్తంలో ఇదే అన్నిటికంటే విలువైనదిగా కనబడుతోంది.

నమ్ము వేరు, నమ్ముకొను వేరు. "నీ మాట నమ్ముతాను" అంటే ఒప్పుకుంటానని, అంతే. "నిన్నే నమ్ముకున్నాను" అంటే నువ్వు లేకపోతే నా సంగతి ఏమిటన్నంత దాకా వెళ్లిపోయిందని. ‘కొను’ చేరితే క్రియ తిరిగి చేసినవాడి మీదికి వస్తుంది: వండుకున్నాడు, చదువుకున్నాడు, దాచుకున్నాడు. అయితే నమ్ముకోవడంలో ఇంకొకటి ఉంది. "సేద్యాన్ని నమ్ముకున్నవాడు" అంటే ఎవరు? అరుగు మీద కూర్చుని పంట వస్తుందని గట్టిగా నమ్మేవాడా? కాదు, పొద్దున్నే లేచి పొలం వెళ్లేవాడు. చేతిపనిని నమ్ముకున్నవాడి చేతులు ఖాళీగా ఉండవు. తెలుగులో నమ్ముకోవడమంటే, నమ్మినదాని వెంట రోజూ నడవడం. మధ్యాహ్నం నిద్ర గారికి జవాబు ఆ ‘కొను’లో ఉందని నా అభిప్రాయం.

మూడోది ‘నమ్మించు’. గమనించారో లేదో, అది ఎప్పుడూ మంచికి రాదు. నమ్మించాడు అనగానే తరవాతి మాట నట్టేట ముంచాడు.

మధ్యాహ్నం నిద్ర:
మాష్టారూ, సేద్యం పోలిక ఒప్పుకుంటున్నాను. లేవీయకాండం సంగతి మాత్రం అలాగే ఉంది.

గడప:
నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్నే, ఇవాళ రాయాలనిపించింది. అనుకున్నది నిలబెట్టుకోలేకపోవడం గురించి పౌలు కూడా మాట పడ్డాడు. 2 కొరింథీయులకు మొదటి అధ్యాయం. కొరింథుకు వస్తానన్నాడు, తరవాత ప్రయాణం మార్చుకున్నాడు. నిలకడ లేని మనిషి అన్నారేమో, ఆయన జవాబులో ఆ ఉక్రోషం తెలుస్తుంది. చపలచిత్తుడిగా అలా ఉద్దేశించానా అని అడుగుతాడు. వెంటనే 18వ వచనంలో "దేవుడు నమ్మదగినవాడు గనుక" అని అందుకుంటాడు. ఇంతకీ నేను నమ్మదగినవాణ్ణి అని వాదించడు. తన ప్లాను మారింది, దేవుడి ‘అవును’ మారలేదు. రెండు వచనాలు దాటగానే అక్కడ ‘ఆమేన్’ కూడా వస్తుంది. తాళపత్రం గారు చెప్పిన ధాతువు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

2 తిమోతి 2:13 ఇంకా సూటిగా ఉంటుంది: "మనము నమ్మదగనివారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును." ఒక్క ‘ని’ తేడా. అమ్మ ఈ వాక్యం చదివేటప్పుడు ఆ ‘ని’ దగ్గర గొంతు తగ్గించేది.

తాళపత్రం:
గడప గారూ, మీరు తరచుగా రాయాలి.

నీలిసిరా గారికి ఇంకో రెండు సంగతులు. మీ వాక్యం ఉన్న 3వ అధ్యాయంలో 66 వచనాలు. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరంతో వరసగా మూడేసి వచనాలు మొదలవుతాయి. 22, 23, 24 వచనాలు ‘హేత్’ అక్షరానివి. ఆ అక్షరంతోనే ‘హెసెద్’ (మన కృప), ‘హదాషీం’ (కొత్తవి) మొదలవుతాయి. క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు యెరూషలేమును తగలబెట్టిన తరవాతి ఏడుపు అది. ఊరు బూడిదైపోయిన మనిషి అక్షరాల వరస తప్పకుండా ఏడుస్తున్నాడు. పువ్వుల బొమ్మ మీద ఈ వాక్యం వేసి పంపుకుంటాం గానీ దానికి ఐదు వచనాల ముందు, 18లో, యెహోవా మీద నాకిక ఆశలు లేవనుకున్నానని ఆ నోరే అంటుంది.

రెండోది, ‘అనుదినము’. మూలంలో ఉన్నది దినం కాదు, ఉదయాలు. ప్రతి ఉదయమూ కొత్తవి. మన అనువాదంలో తెల్లవారడం పోయింది. పోయినా దానికి బదులు ‘పుట్టుచున్నది’ అని వేరే ఒకటి చేరింది. మూలంలో పుట్టడం లేదు, కొత్తవి అని మాత్రమే ఉంది. తెలుగులో ఆశ పుడుతుంది, కోపం పుడుతుంది, జాలి పుడుతుంది కాబట్టి వాత్సల్యమూ పుట్టింది. ఆ ‘వాత్సల్యత’కు మూలం ‘రహమీం’, గర్భం అన్న మాటకు చుట్టం. వాత్సల్యానికి మూలం వత్స, అంటే దూడ. ఒక భాష తల్లి కడుపు దగ్గర మొదలైతే ఇంకోటి ఆవు దూడను నాకే చోట మొదలైంది.

హల్లూ అచ్చూ:
వాత్సల్యం చాలదా, మళ్లీ ‘త’ ఎందుకు? ధైర్యత, సౌందర్యత అనం కదా!

పాత బడిపంతులు:
వ్యాకరణం ప్రకారం ఆ ‘త’ అక్కర్లేదు. అయినా ఇన్నేళ్లుగా నోళ్లలో నానిన మాట. ఇప్పుడు తీసేస్తే పాట తాళం తప్పినట్టుంటుంది. వదిలేద్దాం.

మధ్యాహ్నం నిద్ర:
ప్రతి ఉదయం అన్నది నాకు పనికొచ్చేలా ఉంది. ఏడాదికి ఒకసారి కొత్తవయ్యేవైతే మార్చిలో ఆగిపోయినవాడు డిసెంబరు దాకా కూర్చోవాలి. తీర్మానం అన్న మాట కొట్టేసి ఉద్దేశం అని రాస్తున్నాను. లేవీయకాండం 11వ అధ్యాయం, రేపు పొద్దున.

నీలిసిరా:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటి తెలుగులో రాద్దామని నాలుగైదు రకాలుగా ప్రయత్నించాను. "ఎంత నమ్ముకున్నా తగినవాడివి" అన్నది ఒక్కటే కాస్త దగ్గరకొచ్చింది, కానీ పాతదాని నడక రాలేదు. చివరికి పాత వాక్యమే రాశాను, ‘ఎంతైన నమ్మ’ అని దగ్గరగా రాసి, రెండక్షరాల చోటు ఎక్కువ వదిలి ‘దగినవాడవు’ అని. చూసినవాళ్లు చేతిరాత బాలేదనుకుంటారు.

పాత బడిపంతులు:
అనుకోనివ్వండి. దీర్ఘం మాత్రం పెట్టకండి.