కోడి అరికాలి వ్యాధిని ‘ఆనె’ అనవచ్చునా?

పెరటి కోళ్ళకు అరికాలు వాచి, వాపు నడుమ నల్లని పెచ్చు కట్టే వ్యాధిని ఇంగ్లీషులో బంబుల్‌ఫుట్ అంటారు. దీనిని తెలుగులో ‘ఆనె’ లేదా ‘ఆనెకాయ’ అని వ్రాయవచ్చునా అని మన సమూహంలో ఒక సభ్యురాలు అడిగారు. పైకి కనిపించే పోలికను బట్టి ఆ పేరు సహజంగానే తోస్తుంది గాని, నేను దానిని ఒప్పుకోలేను. ఇంట్లో చేసే వైద్యం చాలావరకు పేరును బట్టే నడుస్తుంది. ఇక్కడ ఆ పేరు తప్పుదారి పట్టిస్తుంది.

ఆనె అంటే రాపిడికి, ఒత్తిడికి గట్టిపడిన చర్మం. తమిళులు దీనినే ‘కాల్ ఆణి’ అంటారు. ఆ భాషలో ‘ఆణి’ అంటే మేకు. ఆనెలో చీము ఉండదు కనుక దానిని గీకివేయడమో, పట్టించుకోకుండా వదిలివేయడమో మనకు అలవాటు. కోడి కాలికి వచ్చేది అది కాదు. గరుకు కర్రమీదో ఇనుప వల మీదో నిలబడినందువల్ల, ఎత్తునుంచి బరువుగా దూకినందువల్ల, తడిసి కుళ్ళిన నేలపై తిరిగినందువల్ల అరికాలి చర్మం చిట్లినప్పుడు, ఆ గాటులోంచి ముఖ్యంగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా లోపలికి చేరి గడ్డను పుట్టిస్తుంది.

ఇక ‘చీము’ అనే మాట గురించి కూడా కొంత చెప్పాలి. గడ్డ పండింది, పగిలింది, చీము కారింది అనే మన వాడుకలన్నీ మనిషి ఒంటిని చూసి పుట్టినవి. చీమును పలుచబరిచే కొన్ని ఎంజైములు పక్షుల తెల్లరక్తకణాలలో లేనందువల్ల కోడిలో అది కారదు, ఎండిన జున్ను ముక్కలా గట్టిపడి లోపలే ఉండిపోతుంది. అందుచేత గడ్డ పండేదాకా ఆగుదామనే పెద్దల మాట ఇక్కడ పనికిరాదు. పిండితే మరీ ప్రమాదం. సూక్ష్మజీవులు లోతుకు వెళ్ళి స్నాయువులకూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళకూ) కీళ్ళకూ పాకవచ్చు.

తొలిదశలో ఇంట్లో చేయదగినది ఉన్నది. చేతులకు తొడుగులు వేసుకొని (ఈ బాక్టీరియా మనిషికీ సోకగలదు), కోడి కాలిని గోరువెచ్చని ఉప్పునీటిలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, తడి పూర్తిగా ఒత్తి, పోవిడోన్ అయొడిన్ (గాయాలకు పూసే క్రిమినాశక మందు) అద్ది, శుభ్రమైన మెత్తని గుడ్డ కట్టాలి. కట్టు తడిసినా మురికైనా వెంటనే మార్చాలి. పెచ్చు మీద పసుపు పూసినంత మాత్రాన అది లోపలి గట్టి చీమును చేరదు. గూటిలో పొడి ఊక పరచి, కూర్చునే కర్రను నునుపు చేసి కిందికి దించకపోతే ఎన్ని కట్లు కట్టినా వ్యాధి తిరిగి వస్తుంది. కోడి కాలు మోపలేకపోయినా, వాపు పైకి పాకినా, పెచ్చు కింద గట్టి ముద్ద లోతుగా తగిలినా పశువైద్యునికి చూపించాలి. కోసి తీయడం ఆయన పని. మనుషుల మాత్రలను అంచనాతో వేయడం అసలే తగదు, మందు అవశేషాలు గుడ్లలోకి వస్తాయి.

చర్చలో వచ్చిన మరి రెండు పేర్లూ వేరే వ్యాధులకు చెందినవి. ‘గాలికుంటు’ గిట్టలు చీలిన పశువులకు వైరస్ వల్ల వచ్చేది. కాలి పొలుసుల కింద సూక్ష్మమైన పురుగులు చేరి పొలుసులను పైకి లేపే వ్యాధిని కావాలంటే ‘కాలిగజ్జి’ అనవచ్చు, కాని అందులో వాచేది అరికాలు కాదు.

నా ఓటు ‘అరికాలి చీముగడ్డ’కు. చోటూ, స్వభావమూ రెండూ అందులో ఉన్నాయి, పెంపకందారునికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. రాణిఖేత్ వ్యాధికి ‘కొక్కెర తెగులు’ అనే పేరు నిలిచినట్టు దీనికీ ఏదో ఒక పల్లెలో పాత పేరు ఉండే ఉంటుంది. మీ ఊళ్ళో కోళ్ళు పెంచేవారు ఏమంటారో, ఆ మాటను చీము ఉన్న వాపుకే వాడతారో, ప్రతి కుంటుకూ వాడతారో అడిగి వ్రాయగలరు.