పాత స్టీరియో యాంప్లిఫయర్: వాల్యూమ్ తిప్పితే గరగర శబ్దం

ప్రశ్న (చిక్కడపల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న స్టీరియో యాంప్లిఫయర్ మా ఇంట్లో ఇప్పటికీ రోజూ మోగుతోంది. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడల్లా రెండు స్పీకర్లూ గరగరమంటున్నాయి, ఎడమది మరీ ఎక్కువ. ధ్వని బాగా తగ్గించినప్పుడు ఒక్కోసారి ఎడమ స్పీకర్ పూర్తిగా మూగబోతోంది. నాబ్ కదపకపోతే ఏ శబ్దమూ లేదు. నాబ్ వెనక ఉండే వాల్యూమ్ కంట్రోల్ మార్చక తప్పదని మెకానిక్ అంటున్నారు. నాన్నగారి చేతిలో అరిగిన వస్తువు కనుక ఉన్నదాన్నే బాగుచేసుకోవాలని నా కోరిక. వీలవుతుందా?

జవాబు (సైనిక్‌పురి నుంచి)

తప్పకుండా ప్రయత్నించవచ్చండీ. ఆ కంట్రోల్ లోపల గుర్రపునాడా ఆకారంలో ఉన్న కార్బన్ పట్టీ మీద సన్నని లోహపు రేకు జారుతూ ఉంటుంది. ఆ దారిలో దుమ్మూ చెమ్మా పేరుకుంటే రేకు క్షణకాలం పట్టు తప్పుతుంది, అదే మనకు గరగరగా వినిపిస్తుంది. ముందు ప్లగ్ పీకేయండి. లోపలి పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో (విద్యుత్తును నిలవ ఉంచుకునే భాగాల్లో) ఆ తరువాత కూడా ఛార్జ్ మిగిలి ఉండవచ్చు కాబట్టి, మల్టీమీటర్‌తో కొలిచి, వోల్టేజి దాదాపు సున్నాకు దిగాకే లోపల చెయ్యి పెట్టండి. కంట్రోల్ కాళ్ల దగ్గరి సందులోంచి, ఎడమకు ఒకటి కుడికి ఒకటిగా ఉండే రెండు అరల్లోకీ, కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు 30 సార్లు తిప్పండి. పూర్తిగా ఆరిన తరువాతే కరెంటు ఇవ్వాలి. క్లీనర్ కోసం కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి. కుట్టుమిషన్ నూనె మాత్రం దయచేసి వేయకండి, అది దుమ్మును మరింత పట్టి ఉంచుతుంది.

జవాబు (మౌలాలి నుంచి)

పైవారు చెప్పినది సరైన మొదటి మెట్టు. అయితే శుభ్రం చేశాక కూడా ఒక వైపే శబ్దం మిగిలితే కంట్రోల్‌ను నిందించకండి. దానికి ముందో వెనకో ఉండే కప్లింగ్ కెపాసిటర్ పాట సిగ్నల్‌ను పంపి, డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) ఆపుతుంది. పాతబడిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లీకైతే ఆ డీసీ కార్బన్ పట్టీ మీదికి చేరి, రేకు కదిలిన ప్రతిసారీ గరగరమనిపిస్తుంది. అప్పుడు కొత్త కంట్రోల్ వేసినా జబ్బు అలాగే ఉంటుంది. స్పీకర్లు తీసేసి, యాంప్లిఫయర్ ఆన్ చేసి, 230 వోల్టుల తీగల జోలికి పోకుండా, ప్రతి అరలోనూ సిగ్నల్ వచ్చే కాలుకూ గ్రౌండ్‌కూ మధ్య, మధ్య కాలుకూ గ్రౌండ్‌కూ మధ్య డీసీ కొలవండి. రెండు చోట్లా సున్నాకు దగ్గరగా ఉండాలి. నిజంగా కంట్రోలే మార్చాల్సి వస్తే, అదే విలువ గల లాగ్ రకం (నాబ్ తిప్పిన కొద్దీ ధ్వని చెవికి సమంగా పెరిగినట్టు అనిపించేది) తీసుకోండి. లీనియర్ రకం వేస్తే నాబ్ కాస్త తిప్పగానే ధ్వని ఒక్కసారిగా పెరిగిపోతుంది. మీ దానికి నాలుగో కాలు ఉంటే, అది లౌడ్‌నెస్ స్విచ్ (తక్కువ ధ్వనిలో బేస్ పెంచే మీట) కోసం ఇచ్చినది, కొత్తదానికీ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. క్లీనర్‌తో కుడివైపు శబ్దం పోయింది, ఎడమ స్పీకర్ మూగబోవడమూ ఆగింది, కానీ ఎడమ గరగర కొంత మిగిలింది. కొలిస్తే కుడివైపు 3 మిల్లీవోల్టులు, ఎడమవైపు 0.8 వోల్టు కనిపించింది. కంట్రోల్‌కు ముందున్న 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండింటినీ, ప్లస్ మైనస్ సరిచూసుకుని, మార్చాను. రాత్రి అందరూ పడుకున్నాక నాబ్‌ను మెల్లగా తిప్పి విన్నాను, ఎక్కడా చప్పుడు లేదు.