అప్‌డేట్: సబ్బు మాయమవడం ఆగింది

మా బడిలో మధ్యాహ్న భోజనం ముందు చేతులు కడుక్కోవడానికి పిల్లలందరికీ రెండే కుళాయిలు, పెట్టిన సబ్బు సాయంత్రానికి మాయం, ఏం చేయాలని అడిగాను కదా. సబ్బు బిళ్ల మానేశాం. లీటరున్నర నీళ్ల సీసాలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు సన్న మేకుతో చిల్లు పెట్టి, కుళాయి గొట్టానికి కట్టేశాం. చిల్లు పెద్దదైతే పూటకే ఖాళీ.

వరుస తగ్గడానికి పీవీసీ గొట్టానికి అడుగుకో చిల్లు పెట్టాం, ఒకేసారి పదిమంది కడుగుతారు. చివరివాళ్లకు నీళ్లు అందకపోతే చిల్లులు పెద్దవైనట్టే. నురుగుతో 20 సెకన్లు రుద్దుకోవాలి. బొటనవేళ్లు, గోళ్ల సందులే ఎక్కువగా మర్చిపోతారు. ఉమ్మడి తువ్వాలు తీసేశాం.

శానిటైజర్ సూచించినవారికి: మట్టి చేతుల మీద అది సరిగా పనిచేయదు, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ మీదా అంతంతే. పిల్లలు జబ్బుపడి పెట్టే సెలవులు తగ్గాయా? ఒక్క నెల హాజరు పట్టీతో చెప్పలేం, వానాకాలం దాటాలి.