అమ్మకు పీయూష గ్రంథి దెబ్బతిన్నదంట, స్టెరాయిడ్ జీవితాంతం వాడాలంటున్నారు. ఎవరికైనా అనుభవం ఉందా?

ప్రొద్దుటూరు_పిల్లోడు:

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. అమ్మకు 46 ఏళ్ళు. పోయిన నెల వాంతులు పట్టుకున్నాయి, రెండో రోజుకే మాట తడబడి నన్ను మా మామ పేరు పెట్టి పిలిచింది. ఆసుపత్రికి తీసుకుపోతే ఒంట్లో ఉప్పు తగ్గింది, సోడియం 114 ఉంది అని చేర్చుకున్నారు. అక్కడ ఒక డాక్టరమ్మ అమ్మ కనురెప్పలు చూసి, చేయి పట్టుకుని, "చివరి కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకు పాలు పడినాయా?" అని అడిగింది. చివరి కాన్పు అంటే మా చెల్లి, దానికిప్పుడు 19 ఏళ్ళు! వాంతులకూ దానికీ ఏం సంబంధమో మాకు అర్థం కాలేదు. కానీ అమ్మమ్మ చెప్పింది, అప్పుడు అమ్మ చచ్చి బతికిందంట, నాలుగు బాటిళ్ళ రక్తం ఎక్కించారంట, పాలు చుక్క పడలేదు, చెల్లి డబ్బా పాలతోనే పెరిగింది. మళ్ళీ బయట చేరింది కూడా లేదంట.

నాకు గుర్తున్నప్పటి నుంచీ అమ్మ ఇంతే. మే నెలలో మేమంతా మిద్దె మీద పడుకుంటే తను లోపల దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నీరసం అంటే రక్తం తక్కువని టానిక్ రాసేవాళ్ళు. రెండేళ్ళ కింద ఒకచోట టీ4 (థైరాయిడ్ హార్మోన్) తక్కువుందని థైరాయిడ్ మాత్ర ఇచ్చారు, పది రోజులకే లేవలేని స్థితికి వచ్చి మేమే ఆపేసినాము.

ఇప్పుడు పొద్దున 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు చేసే హార్మోన్) 1.6, ఫ్రీ టీ4 0.4, టీఎస్‌హెచ్ 2.8 వచ్చాయి. ఎమ్మారైలో ఎంప్టీ సెల్లా అని రాశారు. షీహాన్ సిండ్రోమ్ అంట, అంటే కాన్పులో రక్తం బాగా పోయి పీయూష గ్రంథి దెబ్బతినడం. కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ (ఇదే ఆ స్టెరాయిడ్) పొద్దున 10 మిల్లీగ్రాములు, సాయంత్రం 5, వారం తర్వాత థైరాయిడ్ మాత్ర మొదలు. రెండూ జీవితాంతం.

నా డౌట్లు ఇవి. స్టెరాయిడ్ అంటే ఒళ్ళు ఉబ్బి ఎముకలు గుల్లవుతాయని బంధువులందరూ భయపెడుతున్నారు. టీఎస్‌హెచ్ నార్మల్ ఉంటే మళ్ళీ థైరాయిడ్ మాత్ర ఎందుకు? ఇంకోటి, అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, ఆ రోజు మాత్ర కూడా వేసుకోనంటుంది. ఏం చేయాలి?

శనక్కాయ_రైతుబిడ్డ:

అన్నా, మా నాయనదీ ఇదే గ్రంథి, కానీ కాన్పు కాదు, పాము. నవ్వొద్దు. 2015లో శనక్కాయ చేన్లో రక్తపింజర కరిచింది, కిడ్నీలు దెబ్బతిని కర్నూలులో డయాలసిస్ చేశారు, బతికి బయటపడినాడు. రెండు మూడేళ్ళకు మనిషి వాడిపోయినాడు. గడ్డం పదైదు రోజులకొకసారి గీస్తే చాలు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా, ఎండలో కూడా చలి. అనంతపురంలో తిరగని డాక్టరు లేడు, అందరూ వయసు అన్నారు. చివరికి వేలూరు పోతే అక్కడ మొదటి పది నిమిషాల్లోనే "ఎప్పుడైనా పాము కరిచిందా?" అని అడిగినారు. ఆ విషానికి రక్తం గడ్డకట్టే పద్ధతే తారుమారు అయిపోతుంది కదా, దాంతో ఈ గ్రంథికి రక్తం అందక చచ్చిపోతుందంట. రక్తపింజర కాటు తర్వాత ఇది మన దేశంలో, బర్మాలో, శ్రీలంకలో తెలిసిన విషయమేనంట, మనకు చెప్పేవాళ్ళే లేరు.

మాత్రలు మొదలుపెట్టిన వారానికే నాయన తనంతట తనే ఎద్దుల కాడికి పోయినాడు. ఇప్పటికి ఒళ్ళు ఉబ్బింది లేదు. ఒకేఒక తప్పు చేసినాం, జ్వరం వచ్చినప్పుడు ఇన్ని మాత్రలెందుకులే అని ఇదే ఆపినాం. మూడో రోజు బీపీ పడిపోయి ఐసీయూ. జ్వరం వస్తే ఆపడం కాదు, రెట్టింపు వేయాలంట.

ప్రకృతి_ప్రియుడు:

ఇంగ్లీషు మందులకు అలవాటు పడితే ఇక వదలవు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి అశ్వగంధ మొదలుపెట్టండి, గ్రంథి దానంతటదే కోలుకుంటుంది.

కడప_ల్యాబ్_అక్క:

పైన కామెంట్ చూసి ఎవరూ మందు ఆపొద్దు దయచేసి. ఆ గ్రంథి చచ్చిపోయి 19 ఏళ్ళయింది, ఎంప్టీ సెల్లా అంటే అది ఉండాల్సిన గుంట దాదాపు ఖాళీగా ఉందని. అశ్వగంధ ఎవరిని లేపాలి?

తమ్ముడూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తా, డాక్టర్ని కాదు, కానీ ఈ రిపోర్టులు రోజూ చూస్తా కాబట్టి నాకు అర్థమైన మాటల్లో చెప్తా. పీయూష గ్రంథి బఠానీ గింజంత ఉంటుంది, ముక్కు వెనకాల మెదడు అడుగున. దాన్ని మేస్త్రీ అనుకో. థైరాయిడ్, కిడ్నీల మీద ఉండే అడ్రినల్, అండాశయాలు, ఇవన్నీ కూలీలు. మేస్త్రీ రాకపోతే కూలీలు బాగానే ఉన్నా పని జరగదు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను మేస్త్రీ వేసే కేక. పని తక్కువైతే మేస్త్రీ గట్టిగా అరవాలి, అంటే టీ4 0.4 ఉంటే టీఎస్‌హెచ్ బాగా పెరిగిపోవాలి. మీ అమ్మకు 2.8 దగ్గరే ఆగింది. దాన్ని నార్మల్ అని చదవకూడదు, మేస్త్రీకి గొంతు లేదని చదవాలి. ఒక్క టీఎస్‌హెచ్ మాత్రమే చేయించుకునేవాళ్ళకు ఇది దొరకదు. మోతాదు సరిచూసేటప్పుడు కూడా ఫ్రీ టీ4నే చూస్తారు. రేపెప్పుడో ఎవరైనా టీఎస్‌హెచ్ మరీ తక్కువుందని థైరాయిడ్ మాత్ర తగ్గిస్తే, అమ్మకున్న జబ్బు పేరు చెప్పి అడుగు.

కాన్పు సంగతి: గర్భంతో ఉన్నప్పుడు ఈ గ్రంథి పెద్దదవుతుంది, దానికి వచ్చే రక్తం మాత్రం అంత పెరగదు. అప్పుడు రక్తం పోయి బీపీ పడిపోతే మొదట దెబ్బతినేది ఇదే. పాలు పడకపోవడమే తొలి గుర్తు. పాపం పాలు రాలేదని మన ఇళ్ళల్లో తల్లినే నాలుగు మాటలు అంటారు.

రెండేళ్ళ కింద థైరాయిడ్ మాత్రకు పడిపోయింది కదా, అది కూడా ఇందుకే. థైరాక్సిన్ పడితే ఒంట్లో కార్టిసాల్ తొందరగా ఖర్చవుతుంది, అసలే లేని మనిషికి ఉన్న కాస్తా అయిపోతుంది. అందుకే ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాత థైరాయిడ్. మీ డాక్టరమ్మ సరిగ్గా అదే వరుసలో రాసింది. ఇక స్టెరాయిడ్ భయం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఒళ్ళు రోజూ ఎంత తయారు చేసుకుంటుందో ఇంచుమించు అంతే ఇస్తున్నారు. ఉబ్బడం, గుల్లబారడం ఆస్తమాకో కీళ్ళకో ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడినవాళ్ళ కథ. అయితే ఇన్నేళ్ళు ఆడ హార్మోన్ కూడా లేదు కాబట్టి ఎముకల స్కాన్ ఒకసారి అడగండి.

కొండారెడ్డి_బురుజు:

కర్నూలు నుంచి. నాదీ ఇదే గ్రంథి కానీ గొడవ తిరగబడింది, నాకు గడ్డ. పెళ్ళయిన నాలుగేళ్ళకు పిల్లల్లేరు, బయట చేరడం లేదు, పాలు కారడం. ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) 340. మెదడులో గడ్డ అనగానే ఇంట్లో ఏడుపులు, మా అత్త మొక్కులు. తీరా చూస్తే ఆపరేషనే లేదు, వారానికి రెండుసార్లు కాబెర్గోలిన్ మాత్ర, ఏడాదికి గడ్డ సగమైంది. ఈ రకం గడ్డకు మందే ముందు, మిగతావాటికి ఎక్కువగా ముక్కులోంచి ఆపరేషన్ అన్నారు. ఒక మాట, వాంతుల మాత్రలు కొన్ని, మానసిక జబ్బుల మందులు కొన్ని కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి, కాబట్టి నంబరు చూసి వెంటనే స్కాన్‌కు పరుగెత్తకండి, వాడే మందులన్నీ ముందు డాక్టరుకు చూపించండి.

శనక్కాయ_రైతుబిడ్డ:

ఒక్కపొద్దు సంగతి ఎవరూ చెప్పలేదే. మా నాయన కూడా ఏకాదశికి మానేస్తానన్నాడు. మా ఊరి పూజారే చెప్పినాడు, మందు ఆహారం కాదు, వేసుకో అని. అమ్మకు అట్లే చెప్పించు, కొడుకు మాట కంటే పూజారి మాట వింటారు. ఇంకోటి, వాంతులైతే మాత్ర లోపల నిలవదు, అప్పుడు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలి. మేము ఒకటి ఇంట్లో పెట్టుకున్నాం. జబ్బు పేరు, మందు పేరు రాసిన చీటీ నాయన జేబులో ఎప్పుడూ ఉంటుంది.

ప్రొద్దుటూరు_పిల్లోడు:

అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా అక్కకు. మేస్త్రీ కథ అమ్మకు చెప్తే నవ్వి, మీ నాయన కూడా అంతే, పనికి పిలిస్తే పలకడు అంది. మాత్ర మొదలుపెట్టి ఈరోజుకు పన్నెండు రోజులు. నిన్న తనే సంగటి కెలికింది, నేను పుట్టాక ఆ గిన్నె ఒక్కతే దించడం నేను చూడలేదు. ఒక్కపొద్దుకు అమ్మమ్మతో చెప్పించినా, పాలతో మాత్ర వేసుకుంటానని ఒప్పుకుంది. ఇంజెక్షన్ అడిగితే మెడికల్ షాపాయన చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. ఆదివారం జమ్మలమడుగులో పెళ్ళి ఉంది, ఆలోపు డాక్టరమ్మ దగ్గర రాయించుకుని వస్తా.