షుగర్ ఉన్నవారి పాదాలకు ముప్పు: ఏ రక్తపరీక్ష ఏం చెబుతుంది?

ప్రశ్న

నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్ వచ్చి పదిహేనేళ్లయింది, మొదటి నుంచీ మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసిన మాత్ర రాశారు. ఇప్పటివరకు పుండు ఏమీ పడలేదు. పుండు పడే ముప్పు రక్తంలో ముందే తెలుస్తుందంటే పెద్ద ప్యాకేజీ చేయించాం. హెచ్‌బీఏ1సీ 8.2, హిమోగ్లోబిన్ 10.2, క్రియాటినిన్ 1.4, ఈఎస్‌ఆర్ 46, సీఆర్‌పీ 0.8, బీ12 2000 పైన వచ్చాయి. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి ఇంకో రెండు పేజీలున్నాయి. వీటిలో దేన్ని పట్టించుకోవాలి?

జవాబు (ల్యాబ్ వైపు నుంచి)

ఫలానా అంకె దాటితే పాదానికి పుండు పడుతుందని చెప్పే రక్తపరీక్ష రోజువారీ వైద్యంలో ఏదీ లేదండీ. ఇంటర్‌ల్యూకిన్-6, ఫైబ్రినోజన్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి మీద పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిని చూసి ఎవరూ మందు మార్చరు, చెప్పులూ మార్చరు. ఆ రెండు పేజీలు పక్కన పెట్టేయండి. మీరు రాసిన ఆరు అంకెల్లో మాత్రం పనికొచ్చేది చాలా ఉంది.

హెచ్‌బీఏ1సీ 8.2 అంటే గ్లూకోజు సగటు సుమారు 189. కానీ హిమోగ్లోబిన్ 10.2 అంటే రక్తహీనత, అలాంటి మనిషిలో దీన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించినా, కిడ్నీ జబ్బులో రక్తం పట్టడానికి ఎరిత్రోపాయిటిన్ ఇంజక్షన్లు ఇస్తున్నా సాధారణంగా తక్కువ చూపిస్తుంది. అందుకని ఒక వారం గ్లూకోమీటర్‌తో పరగడుపున, భోజనమైన రెండు గంటలకు, పడుకోబోయే ముందు చూసి రాసి పెట్టండి. ఆ సగటు 140 దగ్గరే ఉంటే 8.2ను అనుమానించాలి. ఐరన్ సంగతి తేల్చే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ రెండూ కలిపి చేయించండి. ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది, అదొక్కటే చూస్తే ఐరన్ లోపం తెలియకుండా పోతుంది.

బీ12 2000 దాటడానికి కారణం ఆ మంటల మాత్రే. అందులోని మిథైల్‌కోబాలమిన్ కూడా బీ12 రూపమే కదా. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, శాకాహారులైతే ఇంకా తొందరగా. అది కూడా నరాలను దెబ్బతీసి తిమ్మిరి, మంటలు తెస్తుంది. ఆ లోపం నాన్నగారికి ముందు ఉండేదో లేదో ఈ 2000 చెప్పదు. దీన్ని తేల్చడానికని మాత్ర ఆపకండి. ఈ చర్చ చదివేవారిలో ఇంకా మాత్ర మొదలుపెట్టనివారుంటే, మొదలుపెట్టే ముందే బీ12 చేయించుకోండి. 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానం, అప్పుడు బీ12 తగ్గితే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆసిడ్ గానీ హోమోసిస్టీన్ గానీ చూస్తారు. క్రియాటినిన్ పెరిగినవారిలో ఆ రెండూ బీ12తో సంబంధం లేకుండానే పెరుగుతాయన్నది గుర్తుంచుకోవాలి.

ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో చూసే పరీక్షలు. సీఆర్‌పీ 0.8 పక్కన యూనిట్ ఏముందో చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాములు రాస్తాయి. డెసిలీటరుకు 0.8 అంటే లీటరుకు 8, అంటే కొంచెం ఎక్కువ. లీటరుకే 0.8 అయితే మామూలే. పది రెట్ల తేడా ఇది. అలాగే హెచ్‌ఎస్-సీఆర్‌పీ (మరీ తక్కువ మోతాదునూ పట్టే సీఆర్‌పీ) గుండె ముప్పు కోసం చేసేది, కాలి ఇన్‌ఫెక్షన్‌కు మామూలు సీఆర్‌పీ చాలు.

జవాబు (కిడ్నీ సంగతి)

అందరూ షుగర్ అంకె చూసి క్రియాటినిన్ వదిలేస్తారు. 62 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.4 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) సుమారు 57. ఇది 60 లోపే. మూడు నెలల తర్వాత మళ్లీ చేసి, అప్పుడూ అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పాదాల ముప్పు పెరుగుతుంది. డయాలిసిస్ దాకా వెళ్తే అన్నిటికంటే ఎక్కువ. మీ జాబితాలో లేనిది యూరిన్ ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష. 30 దాటితే కిడ్నీలకు షుగర్ దెబ్బ తగిలిందని అనుమానం, ఇంకోసారి చేసి నిర్ధారిస్తారు. ప్రీగాబలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి డాక్టరు గారికి ఈ 1.4 చూపించి మోతాదు తగ్గించాలేమో అడగండి. మెట్‌ఫార్మిన్‌కు ఈ స్థాయిలో ఇబ్బంది లేదు, ఈజీఎఫ్ఆర్ 30 లోపుకు వస్తే ఆపేస్తారు.

జవాబు (పాదాల క్లినిక్ నర్సు)

రక్తం రిపోర్టు ఎంత బాగున్నా సాక్సు విప్పి చూడకపోతే పాదం గురించి ఏమీ తెలియనట్టే. పుండు పడేది మూడింటి వల్ల: స్పర్శ పోవడం, రక్తప్రసరణ తగ్గడం, ఎముకల ఆకారం మారి ఒకే చోట ఒత్తిడి పడడం. ఈ మూడూ పాదాన్ని పట్టుకుని చూస్తేనే దొరుకుతాయి.

ఇంట్లోనే స్పర్శ చూసే పద్ధతి ఒకటుంది. నాన్నగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేళ్లు, నడిమి వేళ్లు, చిటికెన వేళ్ల కొసల మీద, అంటే మొత్తం ఆరు చోట్ల, మీ చూపుడువేలి కొసతో ఒకటి రెండు సెకన్లు తాకీతాకనట్టు తాకండి. నొక్కడం, గిచ్చడం, తట్టడం చేయకూడదు. తగిలినప్పుడు ఏ కాలో చెప్పమనండి. రెండు చోట్లగానీ అంతకంటే ఎక్కువ చోట్లగానీ తెలియకపోతే రక్షణ ఇచ్చే స్పర్శ పోయినట్టు లెక్క. క్లినిక్‌లో 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (సన్నటి నైలాన్ పోగు), ఆనెలు లేని చోట, అది వంగేదాకా నొక్కి చూస్తారు. మంటలున్నాయి కాబట్టి స్పర్శ బాగానే ఉందని అనుకోవద్దు, మంటలూ మొద్దుబారడమూ ఒకే పాదంలో ఉంటాయి.

ప్రసరణకు పాదం మీద, చీలమండ లోపలి వైపు నాడి చూస్తారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లోపు రావడం ప్రసరణ తగ్గిందనడానికి గుర్తు. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవారిలో రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి, అప్పుడు 1.3 పైన వచ్చి అంతా బాగుందన్నట్టు మోసం చేస్తుంది. అలా వస్తే కాలి బొటనవేలి బీపీ చూడమని అడగాలి.

స్పర్శ ఒక్కటే పోతే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి పాదాలు చూపించాలి. ప్రసరణ కూడా తగ్గినా, వేళ్లు వంకరపోయినా మూడు నుంచి ఆరు నెలలకోసారి. స్పర్శగానీ ప్రసరణగానీ తగ్గినవారిలో పాత పుండు మానిన చరిత్ర, వేలు తీసేయడం, చివరి దశ కిడ్నీ జబ్బు ఉంటే ఒకటి నుంచి మూడు నెలలకోసారి. స్పర్శ పోయాక ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి, ఎం.సి.ఆర్. (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మంచివి. మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ఉత్తకాళ్లతో ప్రదక్షిణ, మంటలకని వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, ఆనెలకు యాసిడ్ పట్టీలు పూర్తిగా మానిపించండి. కాలింది ఆయనకు తెలియదు, బొబ్బ చిట్లాకే మీరు చూస్తారు.

మళ్లీ అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. ఈఎస్‌ఆర్ 46 చూసి మందుల షాపులో యాంటీబయాటిక్ వేసుకోమన్నారు. వేయాలా?

జవాబు (ల్యాబ్ వైపు నుంచి)

వద్దు. మగవారికి వయసులో సగం దాకా ఈఎస్‌ఆర్ మామూలే, అంటే ఆయనకు 31. రక్తహీనత, కిడ్నీ జబ్బు దాన్ని ఇంకా పెంచుతాయి. పుండు లేని పాదానికి ఈఎస్‌ఆర్ అంకె చూసి యాంటీబయాటిక్ వాడరు.

ఇంకొకరి ప్రశ్న

మా అత్తయ్యగారికి బొటనవేలి కింద నెల రోజులుగా పుండు. జ్వరం లేదు, తెల్లకణాలు 9,000. ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?

జవాబు (పాదాల క్లినిక్ నర్సు)

అలా అనుకోవద్దండీ. పాదంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న చాలామందిలో జ్వరమూ రాదు, తెల్లకణాలూ పెరగవు. పుండు చుట్టూ అర సెంటీమీటరు దాటి ఎరుపు, వాపు, వేడి, నొప్పి, చీము, వీటిలో రెండు ఉంటే ఇన్‌ఫెక్షన్ కిందే చూస్తారు. చూపుకి తేలనప్పుడే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ సాయం. ఈఎస్‌ఆర్ 70 దాటితే ఎముకకు పాకిందేమోనని వెతుకుతారు: శుభ్రమైన లోహపు ప్రోబ్‌తో (సన్నటి పుల్ల) పుండు అడుగున ఎముక తగులుతుందేమో చూసి, ఎక్స్‌రే తీస్తారు. మొదటి ఎక్స్‌రే బాగుందని వదిలేయకూడదు, ఎముకలో మార్పు కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైద్యం మొదలయ్యాక సీఆర్‌పీ రోజుల్లో దిగుతుంది, ఈఎస్‌ఆర్‌కు వారాలు పడుతుంది. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కు పైపైన దూదితో తుడిచింది కాకుండా, పుండు కడిగాక అడుగు నుంచి తీసిన కండ ముక్క పంపమనండి.

నెల రోజుల్లో పుండు సగానికి తగ్గకపోతే ప్రసరణ, పుండు మీద పడే బరువు మళ్లీ చూడాల్సిందే. పుండు లేకుండా ఒక పాదం వాచి, రెండోదాని కంటే వేడిగా ఉంటే మాత్రం సీఆర్‌పీ మామూలుగా వచ్చినా ఆగవద్దు. అది షార్కో పాదం (స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) కావచ్చు. నడక ఆపించి, కుర్చీలో కూర్చోబెట్టి ఆ రోజే చూపించండి.