కువైట్‌కి వచ్చి నాలుగు రోజులు: కాళ్ల వాపు, నిద్ర లేదు, సలహా చెప్పండి

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది పుత్తూరు. షూన్ వీసా (కంపెనీల్లో పనికి ఇచ్చే వీసా) మీద వచ్చాను. చెన్నైలో ఒక రాత్రి, మధ్యలో ఇంకో ఎయిర్‌పోర్టులో కుర్చీ మీద ఒక రాత్రి గడిచింది. కాళ్లు వాచాయి. తిండి సయించడం లేదు, నిద్ర అసలే లేదు. ఎల్లుండి సైటుకి రమ్మన్నారు. రూమ్‌లో ఒకాయన నొప్పి మాత్రలు ఇస్తానంటున్నాడు, వేసుకోవచ్చా?

జవాబు (పలమనేరు, ఇప్పుడు ఫర్వానియా)

తమ్ముడూ, ముందు కాళ్లు చూసుకో. రెండూ ఒకేలా వాచి, పడుకుని లేచేసరికి తగ్గుతుంటే అది మామూలుగా గంటల తరబడి కూర్చున్నందుకు వచ్చేదే. ఒక్క పిక్కే వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం రక్తం గడ్డ కట్టిందేమో ఈరోజే డాక్టర్‌కి చూపించు. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే 112కి ఫోన్ చెయ్యి. ఎవరిచేతా పిక్క పిసికించుకోకు. పుత్తూరు కట్టు ఎముకలకే పనికొస్తుంది!

ఇకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) మెడికల్‌లో అన్‌ఫిట్ చేస్తారేమోనని ఆస్పత్రికి పోకుండా దాక్కోకు. అక్కడ చూసేది టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి.

నొప్పి మాత్రలు వద్దు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని దారి పొడుగునా మనవాళ్లు నీళ్లు తాగరు. అలా ఎండిపోయిన ఒంటితో దిగి, ఆ మాత్రలు మింగి ఎండలో నిలబడితే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. మన దగ్గర చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. ఇక్కడ పొడిగాలికి చెమట పట్టిందనే తెలియదు, సాయంత్రానికి వీపు మీద తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. దాహం వేసేదాకా ఆగకు. మూత్రం టీ రంగుకి తిరిగితే పని ఆపి నీడకి పో, ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పు. ఈ వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు కావాలి. మొదటి రోజే పాతవాళ్లతో సమానంగా మొయ్యకు. ఫోర్‌మన్ ఏమనుకుంటాడోనని మొహమాటపడి కళ్లు తిరిగి పడినవాళ్లని చూశాను. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా 11 నుంచి 4 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. అది ఫోర్‌మన్‌కీ తెలుసు.

జవాబు (చిత్తూరు, ఇప్పుడు సాల్మియా)

అన్న ఒంటి సంగతి చెప్పారు. నిద్ర పట్టనిది కాళ్ల వల్లేనా నాయనా? వీసాకి ఎంత అప్పు చేశావు? ఇక్కడ పది గంటలకి నువ్వు ఫోన్ చేస్తే అక్కడ పన్నెండున్నర. అర్ధరాత్రి వడ్డీ లెక్కలు మాట్లాడుకుంటే నీకూ నిద్ర రాదు, మీ అమ్మకీ రాదు. ఆ లెక్కలు శుక్రవారం పొద్దున పెట్టుకో. రాత్రిళ్లు ఏం తిన్నావో చెప్పి పెట్టేయ్.

ఎవరిచ్చినా నిద్ర మాత్రలు తీసుకోకు. డాక్టర్ చీటీ లేకుండా కొన్ని రకాలు దగ్గరుంటే కేసవుతుంది. రెండు వారాలైనా ఇలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పు, సిగ్గేమీ లేదు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ నిమిషమే పక్క మంచం మీదున్న మనిషిని లేపు, తెల్లారనివ్వకు. ఇంట్లో వాళ్ల టెన్షన్‌కి అక్కడ మనసు బాధలకి సర్కారు ఫోన్ లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

సరే, వాచింది ఒక కాలా, రెండు కాళ్లా? అది ముందు రాయి.