పెదవి మీద పొక్కులకి లైసిన్ మాత్రలు వాడొచ్చా?

మాది కావలి. మా అమ్మకి ఎండలు ముదిరితే చాలు పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి, ముందురోజు చురచురమంటాది, తెల్లారేసరికి గుత్తిగా వచ్చేస్తాయి, పులుసన్నం కూడా తినలేదు పాపం. మెడికల్ షాపాయన లైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలిచ్చినాడు. షుగర్ ఉండాది, వాడొచ్చా అన్నా?

ఒంగోలు నుంచి:
అది హెర్పిస్ వైరస్సమ్మా. నరంలో దాక్కోనుంటది, ఎండకో జ్వరానికో లేస్తది. ఆ వైరస్ పెరగాలంటే ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఉండే ముక్క) కావాల, లైసిన్ కూడా అట్టాంటిదే, ఆర్జినిన్‌కి పోటీ అని వాడతారు, కానీ పరిశోధనల్లో కొన్నిట్లో పనిచేసింది, కొన్నిట్లో లేదు. చురచుర మొదలైనప్పుడే డాక్టర్ని అడిగి ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు వాడితే మేలు. షుగర్ అంటున్నావు కాబట్టి ముందు కిడ్నీ ఎట్టుందో చూసే క్రియాటినిన్ రక్త టెస్ట్ చేయించు, కిడ్నీ బాగలేకపోతే లైసిన్ వద్దే వద్దు. పొక్కులున్నన్నాళ్ళు చంటిబిడ్డల్ని ముద్దు పెట్టుకోనీబాక, పసికందులకి చానా ప్రమాదం.

నెల్లూరు నుంచి:
మాకు రొయ్యల గుంటలుండాయి, మేతలో లైసిన్ ఎంతుందో చూసే కొంటాం. మనిషి ఒళ్ళు కూడా దాన్ని తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాల. పెద్దోళ్ళకి రోజుకి కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 1800. బియ్యంలో లైసిన్ తక్కువ, కందిపప్పులో ఎక్కువ, అందుకే పప్పన్నం అంత మంచిది. వంద గ్రాముల చేపలో ఒకటిన్నర గ్రాముకి పైనే వస్తది, పులుసు చల్లారినాక ముక్క మెత్తగా చేసి పెట్టు, కారం తగ్గించు.

కావలి:
రేపే టెస్టుకి తీసకపోతా అన్నా. మా అక్క బిడ్డకి రెండో నెల, అమ్మ ఎత్తుకోని ముద్దులు పెడతా ఉంది, ఇప్పుడే చెప్పేసినా.